వ్యానుకో వాటా

"పోయినసారి సమోసాల్లో ఉప్పు తగ్గిందన్నారే మంగా, ఈసారి కాస్త చూసుకో" అన్నాడు ఆంజనేయప్రసాద్, స్నానానికి వెళ్తూ వంటింట్లోకి తల పెట్టి.

అన్నదెవరో చెప్పలేదు. ఎప్పుడూ చెప్పడు. అన్నారు అంటాడంతే, ఊరంతా మీటింగు పెట్టుకుని అలివేలుమంగ సమోసాల మీద తీర్మానం చేసినట్టు. ఆమె బంగాళాదుంప కూరలో ఇంకాస్త ఉప్పు చల్లి కలిపింది. ఆదివారం పొద్దున మాంచెస్టర్‌లో ఏ ఇల్లూ ఇంకా లేవలేదు. ఈ ఇంట్లో మాత్రం పొయ్యి మీద నూనె కాగుతోంది, పిండి తడిసింది, టీ డబ్బాలూ కాగితం కప్పులూ గుమ్మం దగ్గర సంచుల్లో సర్ది ఉన్నాయి. ఈరోజు సినిమా ఉంది మరి.

సినిమా అంటే చూసే సినిమా కాదు, వేసే సినిమా. ప్రసాదూ, అతని ఆఫీసు స్నేహితులు సుబ్బరాజూ అమరేందరూ కలిసి రెండేళ్ళుగా చేస్తున్న వ్యాపారం అది. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం ఉదయం ఊరి చివరి సినిమా హాలు అద్దెకు తీసుకుని కొత్త తెలుగు సినిమా ఆడిస్తారు. అమరేందర్ తన ఏడు సీట్ల వ్యానులో లండన్ వెళ్ళి రీళ్ళ పెట్టెలు తెస్తాడు. సుబ్బరాజు హాలు వాళ్ళతో మాట్లాడి, ఉన్న తెలుగువాళ్ళందరికీ ఈమెయిళ్ళు పంపిస్తాడు. ప్రసాద్ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి షేక్‌హ్యాండ్ ఇస్తాడు. ఇక మిగిలిందేముంది? టికెట్లు అమ్మడం, చిల్లర సరిచూడటం, ఆలస్యంగా వచ్చిన వాళ్ళ సణుగుడు వినడం, ఇంటర్వెల్లో టీలూ సమోసాలూ, ఆ తర్వాత టీ గిన్నెలు కడగడం. ఆ మిగిలిందంతా మంగ.

ఆఖర్న చీపురు. హీరో తెర మీదికి రాగానే స్టూడెంట్ కుర్రాళ్ళు సంచుల నిండా చింపి తెచ్చిన కాగితాలు గాల్లోకి విసురుతారు. హాలు శుభ్రంగా అప్పగించకపోతే క్లీనింగ్ ఛార్జీ వేస్తామని యజమాని మొదటి రోజే చెప్పాడు. "మా ఆవిడుందిగా" అన్నాడు ప్రసాద్, ఆవిడ వైపు చూడకుండానే. అప్పటినుంచి వరసల మధ్య వంగి ఆ కాగితం ముక్కలు ఏరడం ఆమె పనే. ఈ రెండేళ్ళలో ఆమె ఏ సినిమానీ మొదలు చూడలేదు, ఇంటర్వెల్ తర్వాతా చూడలేదు. హీరోహీరోయిన్లకి ఎలా పరిచయమైందో తెలియదు, చివరికి పెళ్ళయిందో లేదో కూడా తెలియదు. "నీదేముందే, కూర్చుని టికెట్లు చింపటమేగా" అంటాడు ప్రసాద్.

ఆట అయ్యాక ముగ్గురూ వీళ్ళింటికే వచ్చి భోంచేస్తారు. మంగ గిన్నెలు తీశాక అదే బల్ల మీద డబ్బు పోసి లెక్క చూస్తారు. హాలు అద్దె, ప్రింటు డబ్బు, డీజిల్, సరుకులు పోను మిగిలింది ఐదు వాటాలు. మనుషులకి మూడు. వ్యానుకి ఒకటి, అది అమరేందర్‌కే పోతుంది. ఐదోది ఏడుకొండలవాడికి. దేవుణ్ణి వ్యాపారంలో పార్ట్‌నర్‌గా పెట్టుకోవడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. ఆ వాటా పసుపుగుడ్డలో కట్టి దేవుడి అల్మరాలో డబ్బాలో పెట్టేదీ, ఎవరైనా తిరుపతి వెళ్తుంటే హుండీలో వెయ్యమని పంపేదీ కూడా మంగే. రెండేళ్ళూ ఆమెకి ఇందులో వింతేమీ కనిపించలేదు. కాఫీ కప్పులు అందిస్తూ ఐదు కట్టలూ చూసేది, ఐదూ సమానంగా ఉన్నాయా అని కూడా చూసేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడామెకి ఒళ్ళు మండుతుంది.

ఒళ్ళు మండటం మొదలైంది మరుసటి మంగళవారం.

మంగ వారానికి మూడు రోజులు పని చేసేది ఒక పాత నాటకశాల ఆఫీసులో. బస్సులో గంట దూరం, చిన్న ఊరు. రెండు వందల ఏళ్ళ పైబడిన హాలు, లోపల గుడిలో మంటపమంత స్టేజీ. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు "బస్సు ఛార్జీలకే సరిపోద్ది, ఏదో నీకు కాలక్షేపం" అన్నాడు ప్రసాద్. ఆ కాలక్షేపం జీతం నెలనెలా జాయింట్ అకౌంట్లో పడి, ఇంటి కిస్తీలో కలిసిపోతుంది. ట్రస్టు మీటింగులప్పుడు ఛైర్మన్ పెద్దమనిషి తలెత్తకుండా "డియర్, టీ వస్తోందా?" అని అడుగుతాడు, ఆమె అక్కడికి వచ్చింది మినిట్స్ రాయడానికైనా సరే.

ఆ వేసవికి హిలరీ ఒక ప్రదర్శన పెడుతోంది. హిలరీ అక్కడి పాత కాగితాలన్నిటికీ కాపలా, అరవైకి దగ్గరపడ్డ మనిషి, నవ్వితే దగ్గొస్తుంది. అప్పట్లో ఈ నాటకశాలలో ప్రతి రాత్రీ డబ్బు ఎలా వచ్చేది, ఎలా పోయేది అన్నది ప్రదర్శన విషయం. గోడకి పెట్టే అట్టల మీది మాటలు మంగ టైపు చెయ్యాలి. బాక్సులో కూర్చుంటే మూడు షిల్లింగులు, కింద బెంచీలకి రెండు, పైన గ్యాలరీకి ఒకటి. సగం నాటకం అయ్యాక వస్తే సగం ధర. కొవ్వొత్తులకింత, వాయిద్యగాళ్ళకింత, పోస్టర్లు అంటించిన వాడికింత. ఇవన్నీ పోను మిగిలింది నాటకం అయ్యాక స్టేజీ మీదే డోలు బోర్లించి, దాని మీద పోసి పంచుకునేవారట. కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కూడా పంచుకునేవారట.

"నటులకి తలా ఒక వాటా. మేనేజరు థార్న్‌కి మాత్రం ఐదు" అంది హిలరీ.

"ఐదెందుకు?"

"నటుడు కాబట్టి ఒకటి. మిగతా నాలుగూ చచ్చిన వాటాలు. అలాగే పిలిచేవాళ్ళు వాటిని. తెరలకి, దుస్తులకి, సామానుకి. ప్రాణం లేనివాటికి."

మంగకి నవ్వొచ్చింది. "తెరలకి వాటానా?"

"తెరలు అరిగిపోతాయి కదా మరి" అని హిలరీ కూడా నవ్వి, దగ్గింది. "ఆ దుస్తులు కుట్టింది ఎవరో తెలుసా? ఆయన భార్య సారా. తలుపు దగ్గర చిన్న కిటికీలో కూర్చుని డబ్బు తీసుకున్నదీ ఆమే. జనం రావడం ఆగాక వెనకనుంచి పరిగెత్తి, రాణిగారి గౌను వేసుకుని స్టేజీ ఎక్కేది."

"ఆమె వాటా?"

"ఆమె నటించినందుకు ఒకటి ఉంది. అది థార్న్ చేతికే ఇచ్చేవాళ్ళు. భార్య సంపాదన భర్తది, అప్పటి చట్టం. కిటికీకీ, కుట్టుకీ ఏమీ లేదు."

"ఎంత అన్యాయం!" అంది మంగ. రెండు వందల ఏళ్ళ నాటి ఆడమనిషి మీద జాలిపడటం తేలిక. పడింది, టైపు చేసింది, నాలుగున్నర బస్సెక్కింది. బస్సు ఒక ఎర్ర లైటు దగ్గర ఆగింది. పక్కన ఒక ఏడు సీట్ల వ్యాను వచ్చి ఆగింది.

మంగ దాన్ని చూసింది. అందులో ఎవరో తెల్లవాళ్ళు పిల్లలతో ఉన్నారు. వ్యానుది ఏ పాపమూ లేదు. కానీ లైటు పచ్చబడేదాకా ఆమె దాని మీదనుంచి చూపు తియ్యలేదు. సారాకి కనీసం ఒక వాటా ఉందని రాశారు. మొగుడి చేతికే ఇస్తే ఇచ్చారు, ఉందని లెక్కలో ఉంది. తనకి? వ్యానుకుంది. కొండ మీద కూర్చున్న స్వామికి, ఒక్క రీలు మోయకుండా ఉంది. రెండేళ్ళు ఆ బల్ల చుట్టూ కాఫీలు పట్టుకు తిరిగిన తనకి లేదు సరే, లేదన్న సంగతి తనకే తట్టలేదు! ఎవరి మీద ముందు కోపం తెచ్చుకోవాలో తెలియక మంగ తన మీదే తెచ్చుకుంది. ఇల్లు చేరేసరికి అది చేరాల్సిన చోటికి మళ్ళింది.

నెల తర్వాత మళ్ళీ సినిమా వచ్చింది. హాలు నిండింది, సమోసాలు చాల్లేదు, కాగితాలు మోకాళ్ళ లోతు పడ్డాయి. మధ్యాహ్నం బల్ల మీద ఐదు కట్టలు పడ్డాయి. మంగ కాఫీ ట్రే బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

"నా వాటా ఎక్కడండీ?"

ముగ్గురూ తలెత్తారు. సుబ్బరాజు ముందుగా నవ్వాడు. భీమవరం మనిషి, నవ్వు అతనికి ముందు వస్తుంది, మాట తర్వాత. "అదేంటి చెల్లెమ్మా! ప్రసాదు వాటా నీదే కదండీ! మొగుడిదీ పెళ్ళానిదీ వేరే లెక్కలుంటాయా?"

"మరి వ్యానూ అమరేందర్ గారూ ఒక ఇంటివాళ్ళే కదన్నయ్యా. వాళ్ళిద్దరికీ వేరే లెక్కలెందుకు?"

అమరేందర్ కుర్చీలో సర్దుకున్నాడు. వరంగల్ నుంచి వచ్చినవాడు, మాట నెమ్మది. "గట్ల గాదు వదినా. బండి అంతదూరం పోయొస్తది గద."

"డీజిలు ఖర్చుల్లో తీశారుగా?"

"డీజిల్ వేరే వదినా. బండి అరుగుతది. టైర్లు, ఇంజను... అరుగుదల ఉంటది గద."

"మా సముద్రం పక్క ఊళ్ళలోనూ అంతేనండీ" అని సుబ్బరాజు అందుకున్నాడు. "వేటకెళ్ళొస్తే పడవకో వాటా, వలకో వాటా. అనాదిగా ఉన్నదే!"

"నేను అరగట్లేదా?" అంది మంగ.

గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది. పక్క గదిలో టీవీ సౌండు తగ్గింది. అక్కడ కూతురు సంజన ఉంది.

"మంగా" అన్నాడు ప్రసాద్, నలుగురిలో వాడే మెత్తని గొంతుతో. "సినిమా పోతే మేం జేబులోంచి వేసుకుంటన్నాం. పోయిన దసరాకి పోలా? నష్టంలో నువ్వు పంచుకుంటావా?"

"దసరా సినిమా పోయిన రోజు నేను సమోసాలు చెయ్యలేదా? ఆ రోజు కాగితాలు ఎవరూడ్చారు? మీ నష్టం డబ్బే పోయింది. నా పని ఏ రోజు తగ్గింది?"

సుబ్బరాజుకి ఒక చమత్కారం తట్టింది. "పోనీ ఒక పని చేద్దామండీ! స్వామి వాటా చెల్లెమ్మకిచ్చేద్దాం. ఆయనకేం, కోటీశ్వరుడు, ఏమీ అనుకోడు."

అమరేందర్ చెంపలు వేసుకున్నాడు. ప్రసాద్ మాత్రం ఆ కట్ట తీసి మంగ వైపు జరిపాడు. "తీసుకో మరి. దేవుడి సొమ్ము తినాలనుంటే తీసుకో."

మంగ ఆ కట్ట వంక చూసింది. ముగ్గురు మగవాళ్ళున్నారు, ఒక్కరి వేలు కూడా తమ కట్ట మీదనుంచి కదల్లేదు. వ్యాను కట్ట కూడా కదల్లేదు. ఆడదానికి ఇవ్వాల్సొస్తే దేవుడి దగ్గరనుంచి లాక్కోవాలి, ఆ పాపం మళ్ళీ ఆడదే మొయ్యాలి! ఎంత తెలివి! ఆమె ఆ కట్టని పసుపుగుడ్డలో చుట్టి, దేవుడి అల్మరాలో పెట్టి వచ్చి, ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు కడిగిన కప్పుల్నే మళ్ళీ కడిగింది. ఏడుపు రాలేదు. వస్తే ఎంత బాగుండేదో.

"నీకేం తక్కువ చేశానే నేను? అడిగితే ఏ రోజన్నా కాదన్నానా?" అన్నాడు ప్రసాద్, వాళ్ళు వెళ్ళాక. "వాళ్ళ ముందు పరువు తీశావ్. వాటా అడిగేది పార్ట్‌నరు, పెళ్ళాం కాదు." గుంటూరు నుంచి ఫోన్లో అత్తగారు కూడా అందుకుంది. "మగాళ్ళు నాలుగు రాళ్ళు సంపాదించుకుంటంటే ఇంట్లో ఆడది చేతిసాయం చెయ్యదా? మేం చెయ్యలా? ఏ రోజన్నా కూలి అడిగామా?" నిజమే, ఆవిడ అడగలేదు. ఆవిడ నడుం వంగిపోయి, ఆపరేషన్ చేయించుకుని, ఇప్పుడు మంచం దిగడానికి మనిషి సాయం కావాలి. ఆ మనిషికి నెలనెలా జీతం ఇక్కడినుంచే వెళ్తుంది.

ఇంకో నెల గడిచి మళ్ళీ ఒక మంగళవారం వచ్చింది. టైపు చెయ్యాల్సిన అట్టలు అయిపోవచ్చాయి. హిలరీ ఆఖరి అట్ట మంగ ముందు పెట్టి, "ఇది నాకు అన్నిటికంటే ఇష్టం" అంది.

ఒక శీతాకాలంలో మూడు వారాల రాత్రి లెక్కలవి. అంతవరకూ ఏ రాత్రీ లేని ఖర్చులు హఠాత్తుగా కనిపిస్తున్నాయి. తలుపు దగ్గర డబ్బు తీసుకున్న మనిషికి ఇంత. గౌన్లు బాగుచేసిన దర్జీకి ఇంత. రాణి వేషానికి పక్క ఊరినుంచి పిలిపించిన నటికి ఇంత, ఆమె బండి ఖర్చు ఇంత. డోలు చుట్టూ చేరిన నటులకి ఆ మూడు వారాలూ చేతికి వచ్చింది దాదాపు కొవ్వొత్తి ముక్కలే. నాలుగో వారం ఆ ఖర్చులన్నీ మళ్ళీ మాయం.

"ఏమైంది?" అంది మంగ.

"సారాకి బిడ్డ పుట్టింది" అంది హిలరీ. "ఆమె ఏమేం చేసేదో మనకి తెలిసింది ఈ మూడు వారాల వల్లే. ఉన్నన్నాళ్ళూ ఆ పని ఎక్కడా రాయలేదు. మంచం మీద పడుకున్నాకే రాశారు."

మంగ ఆ అట్ట టైపు చేస్తుంటే రెండుసార్లు తప్పు పడింది. మూడు వారాల్లో మళ్ళీ ఆ కిటికీలోకి వచ్చి కూర్చుందన్నమాట, పచ్చి బాలింత. ఆ థార్న్ ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టాలనిపించింది. అతను చచ్చి రెండు వందల ఏళ్ళయింది. ప్రసాద్ బతికే ఉన్నాడు.

ఆ శుక్రవారం అన్నం తింటూ "ఎల్లుండి పెద్ద సినిమా. సమోసాలు డబుల్ కావాలి" అన్నాడు ప్రసాద్.

"నేను రావట్లేదు."

"ఒంట్లో బాలేదా? జీపీ దగ్గరికెళ్ళాలా?"

"బానే ఉంది. ఆదివారం ఇంట్లో ఉంటాను."

అతను పెరుగన్నం కలుపుకున్నాడు. అలకేలే, శనివారానికి దిగుతుందిలే అనుకున్నట్టున్నాడు. దిగలేదు. ఆదివారం పొద్దున ఇంట్లో నూనె కాగలేదు. ప్రసాద్ బీరువాలు దబదబా వేసి, కప్పుల సంచులు వెతుక్కుని, తలుపు దడాలున మూసి వెళ్ళాడు. మంగ దోసెలు పోసుకుని సంజనతో కలిసి నింపాదిగా తింది. "మమ్, ఆర్ యూ ఆన్ స్ట్రైక్?" అంది సంజన, చట్నీ నాకుతూ. "తిను" అంది మంగ. ఫోను మోగింది. చిల్లర డబ్బా ఎక్కడుందని. చెప్పింది. మళ్ళీ మోగింది. టీలో పాలు ఎన్ని పొయ్యాలని. అదీ చెప్పింది. మూడోసారి మోగితే సంజన తీసి, "షీజ్ హావింగ్ హర్ బ్రేక్‌ఫాస్ట్, డాడ్" అని పెట్టేసింది. మంగకి భయం వెయ్యలేదా అంటే వేసింది. వీళ్ళు తను లేకుండా చక్కగా నడిపేస్తే? ఇన్నాళ్ళ పనీ నిజంగానే కూర్చుని టికెట్లు చింపడమే అని తేలిపోతే? తిన్న దోసె ఆ మధ్యాహ్నం దాకా గుండెల మీదే ఉంది.

మూడు దాటాక వచ్చారు ముగ్గురూ. భోజనం అడగలేదు, దార్లో ఏదో టేకవే తిన్నట్టున్నారు. ఎప్పటిలా బల్ల మీద డబ్బు పోశారు. మంగ వంటింటి గుమ్మంలో నిలబడింది. హాలు నిండిందనడంలో సందేహం లేదు, డబ్బు కుప్ప పెద్దదే. సుబ్బరాజు ఖర్చులు చదవడం మొదలుపెట్టాడు. ఈసారి నవ్వు ముందు రాలేదు.

హాలు అద్దె. ప్రింటు. డీజిల్. సరుకులు. ఇక్కడిదాకా ఎప్పుడూ ఉన్నవే. ఆ తర్వాత టికెట్ల దగ్గర కూర్చున్న స్టూడెంటు అమ్మాయికి గంటల లెక్కన. టీలు పోసిన ఇద్దరు కుర్రాళ్ళకి. మిఠాయి కొట్లో హడావుడిగా కొన్న సమోసాలకి, అవీ ఇంటర్వెల్ సగంలో అయిపోయాయట. చిల్లర లెక్కలో తగ్గింది. హాలు యజమాని వేసిన క్లీనింగ్ ఛార్జీ చదివేటప్పుడు సుబ్బరాజు ఒకసారి ఆగి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. "ఇంతనా!" అన్నాడు అమరేందర్. ఒక్కో ఖర్చుకీ ప్రసాద్ నోట్లు లెక్కపెట్టి పక్కన పెడుతూ వచ్చాడు. కుప్ప తరిగి తరిగి, చివరికి అతని అరచేతిలో పట్టేంత మిగిలింది. దాన్ని ఐదు చెయ్యబోయి ఆగిపోయాడు. వ్యానుకిస్తే మనుషులకి లేదు. మనుషులు తీసుకుంటే స్వామికి లేదు.

"హౌస్‌ఫుల్ అయ్యి కూడా ఏం మిగల్లేదేంటండీ?" అన్నాడు సుబ్బరాజు, నిజంగానే అర్థం కానట్టు. "పోయినసారి ఇంతే జనానికి అంత లాభం వచ్చిందే!"

మంగ గుమ్మంలోంచి వచ్చి నాలుగో కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండేళ్ళలో ఆ లెక్క జరుగుతుండగా ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ప్రసాద్ చేతిలో మిగిలిన ఆ నాలుగు నోట్ల వైపు చూసి, ఒక్కొక్క మాటా విడివిడిగా, అందరికీ వినపడేలా అంది.

"అసలు లాభమంటే ఈరోజు వచ్చిందే అన్నయ్యా. ఇన్నాళ్ళూ మీరు పంచుకుంది నా జీతం."